విరేచనాలు పట్టుకుంటే పొట్ట మాడ్చొద్దు

తొలకరి పడింది. కొండ మీద ఊటలు పెరిగాయి, గెడ్డల్లో నీళ్లు ఎర్రగా దిగుతున్నాయి. ఇక వానలు వెనక్కి తగ్గేదాకా మన్యంలో ఏదో ఒక గూడెం నుంచి "వాంతులు, విరేచనాలు" అనే కబురు వస్తూనే ఉంటుంది. కబురు బయటికి పొక్కాక ఏం జరుగుతుందో కూడా మనకి తెలుసు. ఒక మెడికల్ క్యాంపు, రెండు బ్లీచింగ్ బస్తాలు, "గిరిజనులకు పరిశుభ్రత మీద అవగాహన లేదు" అని ఒక ప్రకటన. మూడో రోజు జీపు కొండ దిగిపోద్ది.

ఆ జీపు రాకముందు గడిచే గంటల గురించే ఇది రాస్తున్నాను. రోగం మొదలైన పూట ఇంట్లో ఏం తాగించాలి, ఏం తినిపించాలి, ఏవి దగ్గరికి రానివ్వకూడదు. పట్నంలో ఉన్నవాళ్లకి ఇది పేపర్లో వచ్చే ఆరోగ్య చిట్కా. రోడ్డు లేని ఊళ్లో, 108 వాహనం కింద ఎక్కడో ఆగిపోయే ఊళ్లో, మనిషి బతుకు ఈ గంటల మీదే ఉంటుంది.

ముందు లంకణం సంగతి. "లంకణం పరమౌషధం" అనే సామెత మనందరి ఇళ్లలో ఉంది. అజీర్తి చేసి పొట్ట బరువెక్కితే ఒక పూట మానేయడం వేరు. నీళ్లలా విరేచనాలు అవుతుంటే తిండి, నీళ్లు ఆపేయడం వేరు. పోయినేడు వానల్లో మా సంఘం పిల్లలం కొన్ని గూడేలు తిరిగాం. ఒక ఇంట్లో రెండేళ్ల పాప మూలకి ఒరిగిపోయి ఉంది. వాళ్లమ్మ చెప్పిన మాట ఇది: "రెండ్రోజుల్నుంచి ఏటీ పెట్టలేదు తమ్ముడూ, పెడితే ఇంకా ఎల్లిపోతంది." ఆమె తప్పేం లేదు. అత్త చెప్పింది, అత్తకి వాళ్లమ్మ చెప్పింది. కంటికి కనపడేది కూడా అలాగే ఉంటుంది, లోపలికి పోసింది పోసినట్టు బయటికి వస్తున్నట్టే. కానీ అలా జరగదు. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా పేగు తిండిలో చాలా భాగం పీల్చుకుంటూనే ఉంటుంది. ఆపేస్తే విరేచనం ఆగదు, ఒంట్లో బలం ఆగిపోద్ది. ముందే బరువు తక్కువున్న మన పిల్లలకి రెండ్రోజుల పస్తు అంటే చిన్న విషయం కాదు.

నీళ్ల విరేచనాల్లో ఎక్కువగా మనిషిని చంపేది ఒంట్లో నీరు, ఉప్పు పోవడం. ఒళ్లు ఎండిపోవడం. పోయిన నీటిని పోయినట్టే తిరిగి పోస్తుంటే చాలామంది బతుకుతారు. ఉత్త నీళ్లు సరిపోవు, ఎందుకంటే నీళ్లతో పాటు ఉప్పు కూడా పోయింది. ఉత్త ఉప్పునీళ్లు పోసినా పేగు సరిగా తీసుకోదు. పేగు గోడలో ఉప్పుకి ఒక తలుపుంది, ఆ తలుపు తీయడానికి కొంచెం చక్కెర కావాలి. చక్కెర, ఉప్పు కలిసి లోపలికి పోతే వాటి వెనకాలే నీళ్లు కూడా పోతాయి. ఓఆర్ఎస్ పొడిలో కిటుకంతా ఇదే.

దీన్ని జనం మధ్యలో పెట్టి చూపించిన కథ మనవాళ్లు తెలుసుకోవాల్సింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి లక్షల మంది బెంగాల్లోకి పారిపోయి వచ్చారు. బనగావ్ శరణార్థి శిబిరాల్లో కలరా పడింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడున్న డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించాడు. పట్టుకెళ్లి తాగించింది నర్సులు కాదు, రోగుల అమ్మానాన్నలు, అన్నదమ్ములు. నూటికి ముప్పై మంది దాకా పోతున్నచోట అది నలుగురి లోపుకి వచ్చింది. ఆయన 2022లో చనిపోయాడు, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. డాక్టర్ లేని చోట, సూది లేని చోట, చదువు రాని తల్లి చేతి గ్లాసుతో ప్రాణం నిలిచింది. "అవగాహన లేదు" అని మనల్ని అనేవాళ్లకి ఈ సంగతి గుర్తు చేయాలి.

ఇప్పుడు ప్యాకెట్ కలపడం. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకి. ఒక లీటరు వాటర్ బాటిల్ ప్రతి గూడెంలో దొరుకుతుంది, అదే కొలత. మొత్తం ప్యాకెట్ ఒకేసారి వెయ్యాలి. సగం పొడి ఇప్పుడు, సగం తర్వాత అని దాచకండి, అందులో ఉన్నవి సమానంగా రావు. గ్లాసు నీళ్లలో ప్యాకెట్ అంతా కొట్టేస్తే ఉప్పు ఎక్కువైపోయి ప్రమాదం. చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి, వాటికి 200 మిల్లీలీటర్లే, కవరు మీద చూసుకోండి. నీళ్లు కాచి చల్లార్చినవైతే మంచిది. కలిపాక మళ్లీ కాచకూడదు, పంచదార గానీ పాలు గానీ కలపకూడదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి. కట్టెలు తడిసిపోయి పొయ్యి వెలగట్లేదు, పిల్ల ఎండిపోతోంది అంటే, ఉన్నవాటిలో శుభ్రమైన నీళ్లు తీసుకుని కలిపేయండి. నీళ్లు కాచేదాకా ఆగి పిల్లని పోగొట్టుకోకూడదు.

రెండేళ్ల లోపు బిడ్డకి ప్రతి విరేచనం తర్వాత పావు గ్లాసు నుంచి అర గ్లాసు, చెంచాతో. అంతకన్నా పెద్ద పిల్లలకి అర గ్లాసు నుంచి ఒక గ్లాసు. పెద్దవాళ్లు దాహం తీరేదాకా, విరేచనం అయిన ప్రతిసారీ కనీసం గ్లాసుడు. కక్కేస్తే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి ఇంకా నెమ్మదిగా, రెండు మూడు నిమిషాలకి ఒక చెంచా. ఇక్కడే చాలామంది విసిగిపోతారు. "తాగించినా నిలవట్లేదు" అని వదిలేస్తారు. కక్కింది చూడటానికి ఎక్కువగా కనపడుతుంది గానీ లోపల కొంత ఉంటుంది.

ప్యాకెట్ లేదా? లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, గోపురం లేకుండా గీసినట్టు ఉండాలి. నోట్లో వేసుకుని చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఉప్పగా అనిపిస్తే పారబోసి మళ్లీ కలపండి. ఉప్పు ఎక్కువైతే చిన్నపిల్లలకి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, కాబట్టి చేతి అంచనా వద్దు.

పేపర్లో వచ్చే చిట్కాలు చదివితే నాకు నవ్వొస్తుంది. యాపిల్ తినండి, బ్రెడ్డు కాల్చుకుని తినండి, కొబ్బరి నీళ్లు తాగండి. మా కొండ మీద కొబ్బరి చెట్టు ఏది? యాపిల్ కొనాలంటే సంత రోజు దాకా ఆగాలి. కానీ మన వంటింట్లో ఉన్న గంజి ఈ పనికి ఏం తక్కువ కాదు. బియ్యంలో ఉన్న పిండి పదార్థం పేగులోకి వెళ్లి నెమ్మదిగా చక్కెరగా మారుతుంది. బియ్యప్పిండితో చేసిన ఓఆర్ఎస్ మీద బంగ్లాదేశ్‌లో ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు, కలరా రోగులకి అది బాగా పనిచేస్తుందని తేల్చారు. మన ముసలమ్మలు పోసే ఉప్పు గంజి దానికి దగ్గరి చుట్టమే. రేషన్ బియ్యం రెండు గుప్పిళ్లు ఎక్కువ నీళ్లలో మెత్తగా ఉడకనిచ్చి, మెతుకు నలిపేసి, తాగేంత పల్చగా చేసి, చిటికెడు ఉప్పు వేస్తే చాలు. సామబియ్యం ఉంటే సామ గంజి కూడా అంతే. ఉదయం చేసింది సాయంత్రం దాకా మూత లేకుండా ఉంచకండి, పూటపూటకీ కాచుకోండి.

చోడి అంబలి విషయంలో ఒక్క జాగ్రత్త. అంబలి మనకి అమ్మ లాంటిది, మామూలు రోజుల్లో ఎంత పులిస్తే అంత రుచి. విరేచనాలప్పుడు మాత్రం నిన్నటి కుండలోది, పచ్చినీళ్లు కలిపింది వద్దు. చోడిపిండి పల్చటి బట్టలో జల్లించి, పొట్టు తీసేసి, నీళ్లు బాగా మరిగించి అప్పటికప్పుడు జావలా కాయండి. ఉప్పేసి గోరువెచ్చగా తాగించండి. అన్నం మెత్తగా పెసరపప్పుతో ఉడికించింది, అరటిపండు, ఉడకబెట్టిన బంగాళాదుంప, మెత్తగా ఉడికిన గుమ్మడి ముక్క, పెరుగు దొరికితే పెరుగన్నం, కాచిన నీళ్లతో చేసిన ఉప్పు మజ్జిగ. అరటిపండులో, దుంపలో పొటాషియం ఉంటుంది, విరేచనాల్లో పోయే వాటిలో అదొకటి, అది తగ్గితేనే కాళ్లూ చేతులూ లాగేస్తాయి. ఒకేసారి కంచం నిండా పెట్టకుండా రెండు మూడు గంటలకోసారి నాలుగు ముద్దలు. ఆకలి తిరిగొచ్చాక ఉడకబెట్టిన గుడ్డు పెట్టండి, భయపడకండి.

పాలు తాగే బిడ్డకి తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు. ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి. ఆర్నెల్ల లోపు బిడ్డకి తల్లిపాలు, ఓఆర్ఎస్ తప్ప గంజి గానీ మరొకటి గానీ వద్దు. మన దగ్గర ఇంకో అలవాటుంది, బిడ్డకి విరేచనాలైతే తల్లికి పథ్యం పెడతారు. కూర లేదు, పప్పు లేదు, ఉత్త అన్నం, కారం. తల్లి తిన్నదాని వల్ల బిడ్డకి విరేచనాలు పట్టుకోవడం చాలా అరుదు. తల్లి పస్తుంటే రాత్రంతా మేలుకుని చెంచాతో తాగించే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? ఆమెకి కడుపునిండా పెట్టండి.

ఇక వద్దన్నవి. చిక్కేంటంటే ఈ రోగం వచ్చే కాలానికే మనకి అవన్నీ దొరుకుతాయి. వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, పనస తొనలు, అనాస, ఎండు చేప, రాజ్మా గింజలు. ఇవన్నీ మంచి తిండే, పొట్ట కుదుటపడ్డాక తినండి. నాలుగైదు రోజులు పీచు ఎక్కువున్నవి, అరగడానికి కష్టమైనవి, నూనెలో వేయించినవి, కారం మండేవి పక్కన పెట్టాలి. పచ్చి కూరగాయలు, సంతలో కోసి పెట్టిన పండ్లు, నిన్నటి మాంసం కూర వద్దు. ఆవుపాలు తాగితే కొందరికి ఎక్కువవుతుంది, అలా అనిపిస్తే మాని పెరుగు వాడండి. చిక్కటి టీ తగ్గించండి. కల్లు, సారా అసలొద్దు. "రెండు గుక్కలు వేస్తే కడుపు కట్టుద్ది" అనే మాట నేను పెద్దమనుషుల నోట చాలాసార్లు విన్నాను. సారా ఒంట్లో ఉన్న నీటిని ఇంకా తోడేస్తుంది. కడుపు కట్టదు.

మామిడి టెంక గురించి విడిగా చెప్పాలి. వానల్లో ఇంట్లో గింజ నిండుకున్నప్పుడు టెంక పిండితో అంబలి కాచుకోవడం మన కొండల్లోనూ ఉంది, సరిహద్దు అవతల ఒడిశాలోనూ ఉంది. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్‌లో, 2024లో కంధమాల్ జిల్లాలో టెంక అంబలి తాగిన ఆదివాసీలు వాంతులు, విరేచనాలతో చనిపోయారు. సరిగా ఎండని టెంకలకి వానాకాలం తేమలో బూజు పడుతుంది, ఆ బూజు విషం వండినా పోదు. బూజు వాసన వచ్చినా, నల్లమచ్చలున్నా ఆ పిండి పారబోయండి, కోళ్లకి కూడా వెయ్యకండి. విరేచనాలున్నవాళ్లకి మంచి టెంక అంబలి కూడా వద్దు. ఇంతవరకు ఆరోగ్యం మాట. "టెంకలు తిని చచ్చారు" అని రాసి ఊరుకున్నవాళ్లని మాత్రం ఒకటి అడగాలి. ఇంట్లో బియ్యం ఉంటే ఎవరు టెంకలు తింటారు? డీఆర్ డిపోలో ఆ నెల బియ్యం ఎన్నో తారీఖున వచ్చాయి?

తీపి డ్రింకుల సంగతి ఇంకో రకం మోసం. కూల్‌డ్రింకు, ప్యాకెట్ జ్యూసు, గ్లూకోజ్ పొడి నీళ్లు. వీటిలో చక్కెర మితిమీరి ఉంటుంది, ఉప్పు ఉండదు. అంత చక్కెర పేగులోకి వెళ్తే ఒంట్లో నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఏళ్ల తరబడి కొన్ని కంపెనీలు ఇలాంటి తీపి నీళ్లకే పేరులో ఓఆర్ఎస్ అని తగిలించి మందుల షాపుల్లో అమ్ముకున్నాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా లేని ఏ డ్రింకు పేరులోనూ ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఒక్క మనిషి కదిలితే ఇంత జరిగింది. అయినా మన సంత కొట్లలో పాత సరుకు, కొత్త పేర్ల సరుకు వస్తూనే ఉంటుంది. అట్టపెట్టెలో స్ట్రా పెట్టి ఇచ్చే తీపి నీళ్లు కొనకండి. మీకు కావాల్సింది పొడి ప్యాకెట్, ఆశా దగ్గర ఊరికే ఇస్తారు.

మందుల విషయం. విరేచనాలు కట్టేసే మాత్రలు చిన్నపిల్లలకి వెయ్యకూడదు. కొట్లో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ ఎక్కువ విరేచనాలకి పనిచేయదు. ఆర్ఎంపీ సెలైన్ పెడితేనే నయమవుతుందనే నమ్మకం కూడా మనకి ఖర్చు, తాగగలిగిన మనిషికి నోటితో పోసిందే చాలు. పిల్లలకి జింకు మాత్ర ముఖ్యం. ఆర్నెల్లు దాటినవాళ్లకి రోజుకి 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకి సగం, చెంచాడు తల్లిపాలలోనో నీళ్లలోనో కరిగించి. 14 రోజులు వెయ్యాలి, విరేచనాలు మూడో రోజే ఆగినా సరే. మన దిసారులు, గురువులు ఇచ్చే జామ చిగుళ్ల కషాయం లాంటివి పెద్దవాళ్లు తాగుతామంటే నేను కాదనను. దాంతో పాటు ఓఆర్ఎస్ నడవాలి, కషాయం పేరు చెప్పి తిండి, నీళ్లు ఆపకూడదు. గూడెంలో దిసారి మాటకి ఉన్న విలువ కరపత్రానికి లేదు. అందుకే యువకులు ముందు ఆయన దగ్గర కూర్చోండి. "తాతా, మందు నువ్వివ్వు, గంజి నీళ్లు మాత్రం ఆపమనకు" అని అడగండి. మా దగ్గర ఇద్దరు ఒప్పుకున్నారు. ఇప్పుడు వాళ్ల సంచిలో వేరు మందు పక్కనే ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటున్నాయి.

ఇంట్లో ఆగకూడని గుర్తులు చెప్తాను. విరేచనంలో రక్తం. కళ్లు గుంట పడటం, ఏడిస్తే కన్నీరు రాకపోవడం. ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోవడం. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా మడత అలాగే నిలవడం. తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, మత్తుగా పడిపోవడం, ఎక్కువ జ్వరం. బియ్యం కడిగిన నీళ్లలా ధారగా పోతుంటే అది కలరా కావచ్చు, గంట కూడా ఆగొద్దు. డోలీ కట్టండి. డోలీలో కూడా బాటిల్, చెంచా ఉండాలి, మోసేవాళ్ల పక్కన ఒకరు నడుస్తూ తాగిస్తూనే ఉండాలి. కింద రోడ్డు చేరేలోపు పోయే నీరే మనిషిని తీసుకుపోతుంది. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి.

ఇదంతా ఇంట్లో చేసేది. బయట అడగాల్సింది కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం ఏటా వానల్లో విరేచనాల నివారణ కార్యక్రమం నడుపుతోంది. దాని ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి రోగం రాకముందే రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, 14 జింకు మాత్రలు ఆశా ద్వారా చేరాలి. మీ గూడెంలో ఎన్ని ఇళ్లకి చేరాయి? ఆశా అక్కని తిట్టకండి, ఆమెకి పైనుంచి రాకపోతే ఆమెం చేస్తుంది. ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసి, గ్రామసభలో చదివి, సంతకాలతో పీహెచ్‌సీలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. రోటా వైరస్ టీకా 6, 10, 14 వారాలకి బిడ్డకి ఊరికే వేస్తారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విడిపోయాక మన రాష్ట్రంలో 2016 నుంచే ఉంది. అది పడిందో లేదో కార్డులో చూడండి. ఇంటింటికీ కుళాయి అని 2019లో జల్ జీవన్ మిషన్ మొదలైంది, 2024కి పూర్తవుతుందన్నారు, ఇప్పుడు 2028 అంటున్నారు. గ్రావిటీ పథకం ట్యాంకు కట్టి పైపు పగిలిపోయిన ఊళ్ల ఫోటోలు తారీఖుతో సహా తీసి పెట్టుకోండి. చలమ నీళ్లు తాగేవాడికి చేతులు కడుక్కోమని పాఠం చెప్పేముందు ఆ పైపు సంగతి తేల్చాలి.

హాస్టల్ పిల్లలకి ఒక మాట. రాత్రి విరేచనాలైతే సిగ్గుపడి ఎవరికీ చెప్పరు, తెల్లారేసరికి పడిపోతారు. ప్రతి డార్మెటరీలో పది ప్యాకెట్లు, ఒక లీటరు బాటిల్, ఒక చెంచా అందరికీ తెలిసిన చోట ఉంచమని వార్డెన్‌ని అడగండి. తాళం వేసిన బీరువాలో ఉంటే అవి లేనట్టే.

విరేచనాలు ఆగాక రెండు వారాల పాటు పిల్లలకి రోజుకి ఒక పూట తిండి అదనంగా పెట్టాలి. పోయిన బరువు అప్పుడే తిరిగొస్తుంది. అంగన్‌వాడీలో వచ్చే గుడ్డు, పాలు, బాలామృతం ఆ రెండు వారాలు ఒక్క రోజు కూడా వదలకండి. పిల్ల నడవలేక సెంటర్‌కి రాలేదంటే ఇంటికి పంపమని టీచరమ్మని అడగండి.